మోటుపల్లి రేవునుండి వెనిస్ వాకిటికి

సముద్రముతో కాపురము చేయు నగరమును చూడ నెంచినవారు, సముద్రము ప్రసన్నమై యుండు నెలలలో గాక, అది కనుబొమలు ముడుచు నెలలలో చూడవలె నని నా అభిప్రాయము. వెనిస్ నగరమునకు పోవుదు నన్నంతనే, ఆ మార్గ మెరిగిన మిత్రు లెల్లరు వసంతమును గూర్చియు, వేసవి వెన్నెలలను గూర్చియు, గొండోలా పడవల షికారును గూర్చియు చెప్పిరి గాని, నవంబరు నెల యనగానే పెదవి విరిచిరి. అప్పుడు పొగమంచు, చలివాన, అవి చాలవన్నట్లు వీధులలో పోటునీరు, సాయంకాలము నాలుగున్నర గంటలకే చీకటి. పోయి చూచున దేమున్నది అని వారి వాదము. కాని గుంటూరు ప్రకాశం సీమల నల్లరేగడిలో పుట్టి పెరిగినవానికి కార్తీక మార్గశిరములంటే ఏమిటో వేరొకరు చెప్ప నక్కరలేదు.

మా వైపున ఆ రోజులలో పత్తి మొదటి తీతకు వచ్చి చేలు తెల్లబడి యుండును. మిరపతోట పూతతోను పిందెతోను నుండును. కాలువక్రింద వరి పంట కోతకు వంగి యుండును. ఏడాది చాకిరి యంతయు ఆరుబయట నిలిచియున్న ఆ సమయముననే బంగాళాఖాతములో వాయుగుండములు పుట్టును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, కృష్ణ కీవలి యొడ్డున రేపల్లె, నిజాంపట్నం తీరమును గూడ విడువలేదు. ఆ రాత్రిని చూచి బ్రదికినవారు నేటికిని గాలి దిశ మారినప్పుడు మాట నాపి చెవి యొగ్గుదురు. వెనిస్ వారికి అట్టి దినము 1966 నవంబరు 4. ఆనాడు పోటునీరు వారి కొలతకంబముపై 194 సెంటీమీటర్లకు లేచినది. మరల 2019 నవంబరు 12 రాత్రి 187 కు లేచినది. రెండు దూరతీరములవారు ఒకే మాసమున ఆకాశమువంక చూచుచు గడుపుదు రనుట నాకు చాలకాలముగా మనసున మెదలుచున్న సంగతి.

అయినను నేను వెనిస్‌కు పోయినది నీటికొరకు మాత్రమే కాదు. చీరాలకు దక్షిణముగా, చినగంజాం ఉప్పుకొఠారులకు చేరువను, సరుగుడుతోటల నడుమ మోటుపల్లి యను గ్రామ మొకటి కలదు. అది మొదట గుంటూరు జిల్లాలో నుండెను. 1970 లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడగా దానిలో చేరినది. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. కాకతీయుల నాడు తూర్పుతీరమున పేరెన్నిక గన్న రేవులలో నది యొకటి. వెనిస్‌లో పుట్టిన వర్తకపుత్రు డొకడు, ఏడువందల యేండ్లకు పూర్వము, ఆ రేవును, ఆ రేవు వెనుక నున్న రాజ్యమును, ఆ రాజ్యము నేలిన స్త్రీని గూర్చి వ్రాసిపెట్టెను. అతడు మార్కో పోలో. ఆ వ్రాత మూలమున మా మోటుపల్లి పేరు యూరపుఖండములోని రాజమందిరములకును మఠములకును ప్రాకినది. అంతటి యుపకారము చేసిన వాని యింటివాకిట మా తీరమువా డొకడు నిలిచి రావలదా?

ఇటలీ ప్రధానభూభాగమునుండి వెనిస్‌కు పోవు రైలు 1846 లో కట్టిన వంతెనమీదుగా, ఇరుప్రక్కల నీరే కనిపించుచుండగా సాగిపోవును. ఆ నీరు సముద్రము కాదు, ఏరును కాదు. సుమారు 550 చదరపు కిలోమీటర్లు పరచుకొన్న ఉప్పునీటికయ్య. మూడు మొగలద్వారా సముద్రమునుండి పోటునీరు దానిలోనికి వచ్చుచు పోవుచు నుండును. పాటు సమయమున బురదతిట్టలు బయటపడును. వానిపై మొలచు ఉప్పునేలమొక్కలు శరత్తు చివర నెర్రబారి, మంచులోనుండి మందముగా రంగు చిమ్ముచుండును. పెదగంజాం, నిజాంపట్నం పర్రభూములను చూచిన కంటి కా దృశ్యము క్రొత్తగా తోచదు. ఉప్పునేల, చౌడువాసన, కాళ్ళు పొడుగైన కొంగలు, దూరమున వలలు కట్టిన కొయ్యలు అన్నియు నెరిగినవే. క్రీస్తుశకము 537 ప్రాంతమున కాసియొడోరస్ అను రాజోద్యోగి ఈ కయ్యవాసులకు వ్రాసిన లేఖ యొకటి నేటికిని నిలిచియున్నది. వీరియిండ్లు నీటిపక్షుల గూళ్ళవంటి వనియు, వీరు పశువులను కట్టినట్లు పడవలను గోడలకు కట్టుదు రనియు, కలవారును లేనివారును ఒకేరకపు చేపలు తిందు రనియు, వీరి పోటీ యంతయు ఉప్పు పండించుటలోనే యనియు దాని సారాంశము. అటుపిమ్మట ప్రపంచమునే కొనగలిగిన ఆ సంపదకు మొదటి పునాది, చినగంజాం మడులలో నేటికిని మెరయుచున్న ఆ తెల్లని గింజయే.

రెండవ పునాది కొయ్య. బురదలో లక్షలకొలది దుంగలను దిగవేసి, వానిపై పలకలు పరచి, పలకలపై ఇస్త్రియా ద్వీపకల్పమునుండి తెచ్చిన నీరుపీల్చని తెల్లరాతిని పేర్చి, ఆ రాతిపై ఇటుకగోడ లేపిరి. గాలి సోకని బురదలో కొయ్య చీకదు. నీరెక్కని రాతిమీద ఇటుక చివుకదు. వేయి సంవత్సరముల రాజప్రాసాదములు, గోపురములు, బంగారుపలుకుల చిత్రములు పొదిగిన సాన్ మార్కో దేవాలయము, సర్వము నీ యుపాయముమీదనే నిలిచినవి. ఆ రాతివరుసను దాటి నీరు ఇటుకకు తాకిననాడే నగరమునకు రోగము పట్టుచున్నది. నవంబరులో జరుగుచున్న దదియే.

నేను సాన్ మార్కో ప్రాంగణమున పోటునీటి రాకను ఆద్యంతము చూచితిని. ఏటిగట్టు తెగి నీరు వచ్చు విధ మెరిగినవారు, అది ఒడ్డు దాటి అలలుగా పొర్లివచ్చు నని తలంతురు. అట్లు రాదు. మొదట ప్రాంగణము నడుమ, రాతిపలకల సందున నున్న తూములలోనుండి చడిచప్పుడు లేక నీరు పైకుబుకును. చెమ్మ యొకటి పలకపై మచ్చవలె విస్తరించును. ఆ మచ్చలు ఒండొంటిని కలిసికొనును. అరగంట గడచునప్పటికి ప్రాంగణ మంతయు నొక పలుచని యద్దమై, దానిలో గోపురములు తలక్రిందులుగా వ్రేలాడుచుండును. మనుష్యులు తొందరపడరు. మున్సిపాలిటీవారు ముందే తెచ్చి పెట్టియుంచిన బల్లలను వరుసగా కూర్చి నడకదారి వేయుదురు. అంగళ్ళవారు గుమ్మములలో ఇనుపపలకలు దించుదురు. పిల్లలు మోకాళ్ళవరకు రబ్బరుజోళ్ళు తొడిగి బడికి పోవుదురు. వృద్ధురా లొకతె కూరగాయల సంచి చంకన బెట్టుకొని, నీటి లోతును కంటితోనే కొలిచి, ఏ సందున తిరిగిన కాలు తడవదో యెరిగినదై తిరిగిపోవుటను చూచినప్పుడు, ఈ ప్రజ నీటితో వేయి సంవత్సరములు నడపిన సంసారపు నేర్పు నాకు బోధపడినది.

ఈ పోటునకు కారణములు మూడు నాలుగు కూడిరావలెను. అమావాస్యకో పౌర్ణమికో వచ్చు పెద్దపోటు ఒకటి. ఆకాశమున వాయుపీడనము తగ్గుట రెండవది. అన్నిటికంటె ముఖ్యమైనది, ఆగ్నేయమునుండి వీచు షిరోకో యను వెచ్చని గాలి, పొడుగై యిరుకైన ఆద్రియాటిక్ సముద్రపు నీటి నంతను ఉత్తరపు మూలకు త్రోసికొనివచ్చి, తిరిగి పోనీయక పట్టియుంచుట. వీనికి మానవుని స్వయంకృతము తోడయ్యెను. గట్టుమీది కర్మాగారములకొరకు భూగర్భజలమును తోడివేయుటచే ఇరువదవ శతాబ్దమున నేల క్రుంగినది, సముద్రమట్టము పెరిగినది, రెండును కలిసి నగరమును ఇరువది సెంటీమీటర్లకు పైగా నీటికి దగ్గర చేసినవి. అందువలన వారు 2003 లో ఆరంభించి, అవినీతి విచారణలను, ఆలస్యములను దాటి, ఆ మూడు మొగలలోను 78 ఉక్కుతలుపులను నీటియడుగున పడుకోబెట్టిరి. పోటు 110 సెంటీమీటర్లు దాటు నని లెక్క తేలినప్పుడు, ఆ తలుపులలోని నీటిని గాలితో వెలికి త్రోయగా, అవి యొక్కొక్కటిగా పైకి లేచి సముద్రమునకు అడ్డుగా నిలుచును. మొదటిసారి అవి నగరమును కాచినది 2020 అక్టోబరు 3న. అంతకు లోబడిన పోటునకు మాత్రము తలుపులు లేవవు గనుక, అన్నిటికంటె పల్లమున నున్న సాన్ మార్కో ప్రాంగణము నేటికిని తడియుచునే యున్నది. దేవాలయమునకు మాత్రము చుట్టును గాజుగోడ కట్టిరి. ఉప్పెనకు ముందుగా ఊళ్ళు ఖాళీచేయించుట మా తీరమున కూడ ఇప్పుడు బాగుగా అలవడినది. ఆ విద్య నేర్చుకొనుటకు మేము చెల్లించిన మూల్యము వారు చెల్లించినదానికంటె చాల పెద్దది.

మార్కో పోలో యిల్లు రియాల్టో వంతెనకు కొంచె మవతల, సాన్ జొవాన్ని క్రిసోస్తొమో దేవాలయము వెనుక నుండెడిది. ఇప్పు డా యిల్లు లేదు. ఆ చోటనే పదునేడవ శతాబ్దములో ఒక నాటకశాల వెలసినది. అదియే మాలిబ్రాన్ నాటకశాల యను పేర నేటికిని నడచుచున్నది. దాని వెనుక, ఇద్దరు మనుష్యులు ప్రక్కప్రక్కన నడువజాలని సందులగుండ పోగా, చిన్నముంగిలి యొకటి తగులును. దానిని ‘మిలియోన్ ముంగిలి’ యందురు. మిలియోన్ యనునది మార్కోకును అతని గ్రంథమునకును నగరవాసులు పెట్టిన పేరు. అచట నొక పాతకాలపు రాతితోరణము, దానిపై చెక్కిన పక్షులు, మృగములు, తీగెలు నున్నవి. పోలో కుటుంబమువారి యిండ్లు ఇచ్చట నుండినవని చెప్పు చలువరాతి పలక యొకటి గోడకు కలదు. నేను పోయిన యుదయమున మంచు ఆ ముంగిటిలోనికి దిగి, ఎదుటిగోడ కనబడనీయలేదు. పై యంతస్తున నెవరో కాఫీ కాచుచుండగా ఆ వాసన యొక్కటే జీవలక్షణముగా తోచినది. పదునేడేండ్ల పిల్లవాడు తండ్రితోను పినతండ్రితోను 1271 లో ఈ వాకిలి దాటి పోయి, నలువదియొకటవ యేట, 1295 లో, తిరిగి యీ వాకిటికే వచ్చె నని తలచుకొన్నప్పుడు ఒడలు పులకించినది. తిరిగివచ్చినపిమ్మట జెనోవావారితో జరిగిన యుద్ధములో చెరపడి, 1298 లో అక్కడి కారాగృహమున పీసా నగరపు రుస్తికెల్లో యను కథకునికి తాను చూచినవియు విన్నవియు చెప్పి వ్రాయించెను. చెర పడకపోయిన నాతడు వ్రాయించి యుండెడివాడో లేదో. అప్పుడు మోటుపల్లి పేరు పాశ్చాత్యుల చెవిని పడుటకు ఎన్ని తరములు పట్టెడిదో.

ముత్ఫిలి యని యతడు వ్రాసినది మన మోటుపల్లినే యని పండితులు తేల్చియున్నారు. ఆ రాజ్యమున కొండలనుండి వానలకు కొట్టుకొనివచ్చు వజ్రములు దొరకు ననియు, లోయలలో పాములకు వెరచి మాంసఖండములు విసరి, వానిని గ్రద్దలు ఎత్తుకొనిపోగా అంటుకొని వచ్చిన వజ్రములను ఏరుకొందు రనియు వ్రాసెను. గ్రద్దల కథ దేశదేశముల నావికులు చెప్పుకొనునది, దాని నటుంచుదము. వజ్రముల మాట కల్ల కాదు. కృష్ణాతీరమున కొల్లూరు గనులు అటుపిమ్మటి శతాబ్దములలో ప్రపంచము నబ్బురపరచినవి. ఆ గనుల చోటు నేడు పులిచింతల జలాశయము క్రింద నున్నది. ఇచ్చటి నూలువస్త్రములవంటి సన్ననివి, వెలగలవి మరియొకచోట లేవనియు, అవి సాలీడు నేసిన పోగువలె నుండు ననియు, వానిని కట్టుకొనుటకు వేడుకపడని రాజుగాని రాణిగాని లోకమున నుండరనియు అతడు చెప్పినది మాత్రము, చీరాల, వేటపాలెముల మగ్గముల చప్పుడు వినిన ప్రతివాడును కన్నులు మూసికొని నమ్మగలడు. చీరాలనుండి నూనెరుమాళ్ళు అరబ్బుదేశముల కెగుమతి యగుట మొన్నమొన్నటి సంగతి.

అతని వ్రాతలో నన్ను మిక్కిలి కదిలించినది రాణిని గూర్చిన భాగము. భర్త మరణించినది మొదలు నలువది సంవత్సరములుగా, అతనియందలి ప్రేమచే మారుమనువు తలపెట్టక, అతనికంటెను న్యాయముగా రాజ్యమేలుచు, ప్రజలకు మిగుల ప్రీతిపాత్రయైన స్త్రీ యని వ్రాసెను. ఆమె రుద్రమదేవి. కాకతీయరాజైన గణపతిదేవునకు ఆమె భార్య కాదు, కుమార్తె. ఆమె భర్త నిడదవోలు చాళుక్యవంశీయుడైన వీరభద్రుడు. ఆమె పాలనకాలమును నలువది యేండ్లు కాదు. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనమువలన ఆమె 1289 నవంబరు 27 నాటికి పరమపదించిన దని తెలియవచ్చుచున్నది. మార్కో చీనానుండి ఓడలో తిరిగివచ్చినదో, ఆ తరువాతి యేండ్లలో. అనగా అతని ఓడ మా సముద్రమును దాటునప్పటికి రాణి లేదు. అయినను రేవులలో, ఓడసరంగుల నోట, ఆమె యింకను ఏలుచునే యున్నది. చరిత్రకారులు దీని నతని పొరపాట్ల పట్టికలో వ్రాసికొందురు. నాకు మాత్రము, ఒక పాలకురాలి ధర్మబుద్ధి ఆమె దేహముకంటె ఎక్కువకాలము సముద్రముపై ప్రయాణించిన దనుటకు ఇంతకు మించిన సాక్ష్యము దొరకదని తోచుచున్నది. స్త్రీకి సింహాసనము దక్కుట యరుదైన యూరపునకు చెందినవాడు, ఎగతాళి యొక్కటియు లేక, అంత గౌరవముతో ఆమెను గూర్చి వ్రాయుటయు సామాన్యము కాదు.

ఆ ధర్మబుద్ధికి మూలము ఆమె తండ్రి వేయించిన శాసనములో నున్నది. మోటుపల్లి వీరభద్రాలయమున నొక స్తంభముపై శకసంవత్సరము 1166 లో, అనగా 1244 లో, గణపతిదేవుడు వ్రాయించిన అభయశాసనము కలదు. నే నచ్చటికి పోయినప్పుడు దానిని చూపిన గ్రామవృద్ధుడు, “ఇది రాజుగారి రాతండీ. ఓడలోళ్ళ కోసం రాయించాడంట. మా చిన్నప్పుడు పట్నం నుంచి ఆఫీసర్లొచ్చి, తడి కాగితం అద్ది, అచ్చు తీసుకుపోయారండీ” అని చెప్పెను. అంతకంటె సూటిగా పండితుడును చెప్పజాలడు. ఆ శాసనపు సారమిది. ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోవుచు, తుపానులో చిక్కి, దారి తప్పి, పగిలి, తమ తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుర్రములను, రత్నములను, సర్వస్వమును పూర్వపు రాజులు బలాత్కారముగా లాగుకొనుచుండిరి. ప్రాణముకంటె ధనము ప్రియమని తలచి సముద్రముపై సాహసించినవారియందు దయచేతను, కీర్తికొరకును ధర్మముకొరకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన దంతయు మేము విడిచిపెట్టితిమి. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. మంచిగంధము, కర్పూరము, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు, పోకలు మొదలగువానికి ఎంతెంతయో వేరువేరుగా చెక్కించి, అధికారి యెవడును నోటిమాటతో పెంచుటకు వీలులేకుండ చేసెను.

ఈ శాసనపు ఘనత నెరుగవలె ననిన, ఆ కాలమున యూరపుతీరములలో నేమి జరుగుచుండెనో చూడవలెను. ఓడ పగిలిన దన్నచో ఆ తీరపు ప్రభువునకు పండుగ. ఒడ్డునపడిన ప్రతివస్తువు అతని సొత్తు. ఈ యాచారమును మాన్పింప లేక, 1179 లో రోమునగరమున సమావేశమైన క్రైస్తవ మహాసభ, ఓడ పగిలిన క్రైస్తవుల సొత్తు దోచినవారికి మతబహిష్కార శిక్ష విధించవలసివచ్చినది. గణపతిదేవుని రాతిలో మతము మాట లేదు, జాతి మాట లేదు. అరబ్బువాడైనను, చీనావాడైనను, తుపానులో చిక్కినవాడైన చాలును. నవంబరు సముద్రమును చూచినవాడే వ్రాయింపగల శాసన మది. రుద్రమదేవి న్యాయమును మార్కోకు చెప్పిన నావికులు, ఆ న్యాయపు చల్లదనము నీ రాతినీడలో ననుభవించినవారే యని నా విశ్వాసము.

ఆ తలంపుతోనే రియాల్టోకు పోయితిని. రియాల్టో ప్రక్కన ‘ఫొందాకొ’ అని పిలువబడు మహాభవన మొకటి కలదు. జర్మను వర్తకులకొరకు 1228 నాటికే ఆ చోట నొక సత్రము వెలసినది. అది కాలిపోగా ఇప్పుడున్నదానిని 1508 నాటికి కట్టిరి. ఆ వర్తకులు నగరములో నున్నంతకాలము అచ్చటనే బస చేయవలెను, ఆయుధములు అప్పగింపవలెను, రాజ్యము నియమించిన మధ్యవర్తులద్వారానే అమ్మవలెను, కొనవలెను. వెనిస్ న్యాయము కట్టుదిట్టమైనది, లెక్క తప్పదు, కాని పరదేశిని అది గోడలలో నుంచి కాపాడినది. మోటుపల్లిలో కాకతీయుల పిమ్మట కొండవీటి రెడ్లు 1358 లో వేయించిన శాసనము వేరొకరీతిగా పలికినది. అనపోతారెడ్డి కాలపు ఆ శాసనము సంస్కృతమున, తెలుగున, తమిళమున గూడ కలదు. వచ్చు వర్తకులకు వారి భాషలో చెప్పవలె నను నాగరకత అది. వచ్చి కాపురముండ దలచినవారికి భూము లిత్తుము, పోదలచినవారిని ఆపము, సరకును తమకు నచ్చినవారికి అమ్ముకొనవచ్చును అని అందలి హామీ. శ్రీనాథుని హరవిలాసమునకు కృతిభర్తయైన అవచి తిప్పయసెట్టి, కొండవీటి కుమారగిరిరెడ్డి వసంతోత్సవములకు దేశదేశముల సుగంధద్రవ్యములు తెప్పించి యిచ్చినది ఈ హామీల నీడననే. ఓడలకు భయము లేనిచోటికే కర్పూరము వచ్చును.

రియాల్టో అంగడివీధిలో సుగంధద్రవ్యవర్తకుల పేరు పెట్టిన సందు నేటికిని కలదు. అలెగ్జాండ్రియానుండి వచ్చు మన మిరియము ఇచ్చటనే తూకము వేయబడి యూరపంతట పంచబడెడిది. 1498 లో వాస్కో డ గామా కళ్ళికోట చేరుటయు, పోర్చుగీసు ఓడలు మిరియములతో నేరుగా లిస్బనుకు తిరిగివచ్చుచున్న వార్త 1501 లో రియాల్టోకు అందుటయు, నగరమునకు పిడుగుపాటైనది; దినచర్య వ్రాసికొనిన జిరోలామో ప్రియూలి యను వణిజుడు, వెనిస్‌కు స్వాతంత్ర్యము పోవుట తప్ప ఇంతకంటె చెడువార్త యుండదన్నట్లు విలపించెను. నే నా చోట నిలిచియుండగా, కూరలబండిపై ఎర్రని యెండుమిరపకాయలు గుత్తులుగా కట్టి వ్రేలాడదీసి యుండుట కనబడినది. అమెరికాఖండమున పుట్టిన ఆ కాయను మన దేశమునకు తెచ్చినవి, వెనిస్ మిరియపు వ్యాపారమును దెబ్బకొట్టిన ఆ పోర్చుగీసు ఓడలే. రియాల్టో తక్కెడలు వెలవెలబోయిన ఆ శతాబ్దమే గుంటూరు కల్లముల ఎరుపునకు విత్తు వేసినది. మిర్చియార్డులో బస్తాల నడుమ నడచునప్పుడు ఈ సంబంధము మనకు తట్టదు.

నవంబరు 21న వెనిస్‌వారికి గొప్పపండుగ. 1630–31 సంవత్సరములలో మహమ్మారి నగరజనములో ఇంచుమించు మూడవవంతును హరింపగా, అది శాంతించిన, ఆరోగ్యమాతకు ఆలయము కట్టింతు మని వారు మ్రొక్కుకొనిరి. లాంగేనా యను శిల్పి కట్టిన ‘సాలూతె’ గుడి ఆ మ్రొక్కుబడి. ఏటేట ఆ దినమున మహాకాలువపై తాత్కాలికముగా వంతెన వేసి, ఊరంతయు దానిమీదుగా నడచిపోయి కొవ్వొత్తులు వెలిగించును. ఆ రోజు యాత్రికుల నగరము కాదది. ముసలితల్లుల చేతులు పట్టుకొని కొడుకులు, భుజములపై పిల్లల నెత్తుకొని తండ్రులు, పనివారు, పడవవారు అందరును తమ యూరి వీధులలో తాము నడచుచుందురు. బయట మిఠాయి అంగళ్ళు, బుడగలు, వేడివేడి పిండివంటలు. ఇంట గొర్రెమాంసమును క్యాబేజీతో ఉడికించిన పులుసు. అమరావతి రేవున కార్తీకదీపములు వదలు జనసమ్మర్దమును చూచినవాడను గనుక, ఆ గుంపులో నేను పరదేశి నను భావము కలుగలేదు.

ఆ గుంపు ఏటేట పలుచనగుచున్నది. 1951 లో పాతనగరమున సుమారు లక్షా డెబ్బదియైదువేలమంది నివసించుచుండిరి. నేడు ఏబదివేలకు లోబడినారు. ఇండ్లు యాత్రికుల బసలైనవి. రొట్టెల దుకాణములు ముసుగుల దుకాణములైనవి. అయినను వారు మరచిపోలేదు. మార్కో మరణశాసనపు తోలుపత్రమును మార్చియానా గ్రంథాలయమున భద్రపరచినారు. రాజప్రాసాదములోని భూపటముల మందిరమున అతని దారులు గోడలకెక్కినవి. 1324 లో అతడు మరణించి ఏడువందల యేండ్లయిన సందర్భమున, 2024 లో ఆ ప్రాసాదముననే నెలలతరబడి ప్రదర్శన జరిపిరి.

మోటుపల్లి అభయశాసనమునకు 2044 లో ఎనిమిదివందల యేండ్లు నిండును. వ్యవధి కావలసినంత యున్నది. శాసనపాఠమును నేటి తెలుగులో చెక్కించి ఆలయావరణమున నిలుపవచ్చును. చీరాల, చినగంజాం, బాపట్ల బడులలో దానిని పిల్లలచే చదివింపవచ్చును. అనపోతారెడ్డి శాసనపు మూడుభాషల పాఠములను ప్రక్కప్రక్కన నుంచి, సాలీటిపోగువంటి నేత నేటికిని నేయగల చేతులచేత నొక వస్త్రము నేయించి, వెనిస్ నగరపాలకులను మోటుపల్లికి పిలువవచ్చును. వారు వచ్చుటకు నవంబరు మాసమే తగిన దని నా మనవి. అప్పటికి పత్తి తీత నడచుచుండును, ఉప్పుమడులు వానకు మునిగి యుండును, శాసనమున గణపతిదేవుడు చెప్పిన సముద్రము వారికి ఉన్నదున్నట్లు కనబడును.